పరమార్థ గురువు కథల రీప్రింట్: సరుకు బంగారం, అచ్చు మాత్రం అంతంతే

పరమానందయ్య శిష్యుల కథలు విని పెరిగినవాళ్లు, అలాంటి అమాయక గురుశిష్యుల కథలే ఉన్న ఈ తమిళ పుస్తకం ఒక్కసారైనా చూడాలి. రాసింది బెస్కీ అనే ఇటలీ జెస్యూట్ (ఒక కేథలిక్ సన్యాసి సంఘం) ఫాదర్, 1680లో పుట్టి, 1710లో మన దేశంలో ఓడ దిగి, మదురై మిషన్‌లో క్రీస్తు కథ చెప్పుకుంటూ తిరిగి, తమిళులు వీరమామునివర్ అని పిలుచుకునేంతగా ఆ భాషలో మునిగిపోయినాయన. సెయింట్ జోసెఫ్ మీద 3615 పద్యాల ‘తేంబావణి’ కావ్యం, 1732లో ‘చతురకరాది’ నిఘంటువు కూడా ఈయనవే, తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది 1822లో లండన్‌లో బాబింగ్టన్ అనే ఆయన అనువదించి వేయించిన ప్రతికి రీప్రింట్. తమిళ మూలం, ఇంగ్లిష్ అనువాదం, పదకోశం అన్నీ ఉన్నాయి. మొదటి కథలోనే, ఏరు నిద్రపోతోందో లేదో చూసి రమ్మంటే శిష్యుడు కొరివి తీసుకెళ్లి నీళ్లలో ముంచుతాడు, అది బుస్సుమని పొగ లేచేసరికి ఏరు మేలుకునే ఉందని పరుగెత్తుకొస్తాడు. తర్వాత ఆ ఆరిపోయిన కొరివితోనే మళ్లీ చూసి, చప్పుడు లేదు కాబట్టి నిద్రపోయిందంటాడు! ఎంత చక్కటి కల్పనో.

అయితే స్కాన్ చేసి అచ్చేశారు, తమిళ అక్షరాలు చాలాచోట్ల అలుక్కుపోయాయి, బైండింగ్ కూడా వదులే. ఇంగ్లిష్‌లో చదివేవాళ్లు నిస్సందేహంగా కొనండి, తమిళం నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం లోపలి పేజీల ఫొటోలు అడిగి చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.