కలేకు బస్సు, లీల్‌కు రైలు: పదిహేడేళ్ల బజారు ప్రయాణాలు

ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని మెయిడ్‌స్టోన్‌లో స్థిరపడిన మా కుటుంబం, ఉదయం ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్సులో సరుకులు కొనుక్కొని రాత్రికి తిరిగివచ్చే ప్రయాణాలను 2008 నుంచి ఏడాదికి ఒకటి రెండు సార్లు చేస్తూ వచ్చింది. వాటిలో చాలా వరకు బస్సులో కలేకు, మిగిలినవి రైలులో లీల్‌కు. టికెట్టు ధరను చూసి ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం పొరపాటని, చూడవలసింది దుకాణాల్లో మనకు దక్కే గంటలనేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

బస్సు ఉదయం ఆరింటికి బయలుదేరినా, ఇవతలి ఒడ్డున డోవర్ రేవులోనే జరిగే ఫ్రెంచి పోలీసుల పాస్‌పోర్టు తనిఖీ, ఫెర్రీ కోసం నిరీక్షణ, గంటన్నర సముద్ర ప్రయాణం ముగిసి, గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకొనేసరికి కలేలో పదకొండున్నర దాటుతుంది. సాయంత్రం నాలుగున్నరకు తిరిగి బస్సెక్కాలి. పోగొట్టుకున్న ఆ గంట వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ చేతికి వస్తుంది గాని, అప్పటికి మనం సీటులో కునుకు తీస్తూ ఉంటాము. బస్సు ఛానెల్ కింది సొరంగం మార్గంలో వెళ్లేదైతే లెక్క మారుతుంది. ఫోక్‌స్టన్‌లో బస్సే రైలెక్కుతుంది, మనం సీటులోంచి లేవకుండానే 35 నిమిషాల్లో అవతలి ఒడ్డున ఉంటాము. అందువల్ల టికెట్టు కొనే ముందు ఫెర్రీయా, సొరంగమా అని తప్పక అడగాలి.

బస్సుకు ఉన్న గొప్ప సుగుణం దాని డిక్కీ. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్న కాలంలో సొంత వాడకానికి తెచ్చుకొనే వైనుకు 90 లీటర్ల వరకు ఎవరూ ప్రశ్నించేవారు కారు. 2021 జనవరి నుంచి సుంకం లేకుండా తేదగినది మనిషికి 18 లీటర్లు, అంటే 24 సీసాలు. నిజానికి మా ఇంటికి అది ఎక్కువే. ఇతర వస్తువులకు మనిషికి 390 పౌండ్ల పరిమితి ఉంది. అంతకు మించిన ఒకే వస్తువును భార్యాభర్తలు ఇద్దరి పేరునా పంచి చూపించడానికి వీలు లేదు.

మమ్మల్ని నిజంగా బాధించింది జున్ను విషయం. ఆ ప్రాంతపు మరోయిల్ జున్ను వాసన బస్సంతా వ్యాపించి, ముందు సీటు పెద్దమనిషి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిన సందర్భం కూడా ఉంది, అయినా మానలేదు. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం యూరప్ నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తేవడాన్ని నిషేధించడంతో అది ముగిసింది. వెళ్లేటప్పుడు కూడా 2021 నుంచి ఇదే నియమం ఉన్నందున, దారి భోజనానికి పెరుగన్నం మాని పులిహోర కట్టుకుంటున్నాము.

రైలు సంగతి వేరు. లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషను నుంచి లీల్‌కు సుమారు గంటన్నర. స్టేషను పక్కనే యూరాలీల్ దుకాణ సముదాయం, అక్కడినుంచి కాలినడకన పాత పట్టణం. ఉదయపు రైలెక్కితే ఆరేడు గంటలు నిశ్చింతగా తిరగవచ్చు. బట్టలు, మిఠాయిలు, పుస్తకాలు కొనేవారికి ఇదే మేలు. సీసాలు కొనేవారికి భుజాలే సాక్ష్యం చెబుతాయి. అయితే అంతర్జాతీయ రైళ్లు 2020 నుంచి కెంట్‌లోని ఆష్‌ఫర్డ్‌లో ఆగనందువల్ల, కెంట్ వాళ్లం ముందు లండన్‌కు ఎదురు వెళ్లి, మళ్లీ మా ఊళ్ల మీదుగానే దక్షిణానికి రావలసి వస్తున్నది.

భారత పాస్‌పోర్టుతో వెళ్లేవారికి ఒక మాట. ఒక్కరోజుకైనా ఫ్రాన్సు సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసా తప్పదు, బ్రిటన్‌లో నివాస హక్కు ఉన్నా అది అక్కడ అక్కరకు రాదు. నా తొలి ప్రయాణాల్లో నా వీసా పరిశీలన పూర్తయ్యే దాకా బస్సంతా వేచి ఉండేది, దిగి తిరిగి ఎక్కేటప్పుడు ఎవరి కళ్లలోకీ చూడలేకపోయేవాణ్ని. 2025 అక్టోబరులో వేలిముద్రలు, ఫొటో తీసుకొనే కొత్త పద్ధతి మొదలయ్యాక, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారూ ఆ తనిఖీ వరుసలోనే నిలబడుతున్నారు.

ఒకే దుకాణంలో 100 యూరోలు దాటిన కొనుగోలుపై పన్ను వాపసు కోరవచ్చు గాని, ఆ కాగితాన్ని ఫ్రాన్సు దాటేలోపే ధ్రువీకరించుకోవాలి. ఒక బస్సు సంస్థ సమయం లేదంటూ ఆ ధ్రువీకరణ చేసే యంత్రం దగ్గర ఆపనందువల్ల నా కాగితం ఇప్పటికీ సొరుగులోనే ఉంది. ఇప్పుడు బస్సును డిసెంబరు ప్రయాణానికే ఉంచుకున్నాను, అదీ ఆదివారం కాకుండా చూసుకుంటాను, ఎందుకంటే ఆ రోజు అక్కడ చాలా దుకాణాలు తెరవరు.