శుక్రవారం పొద్దున ముందు ఏది: ‘ది పిట్’ఆ, ‘గ్రేస్ అనాటమీ’ఆ?

రెండూ అమెరికన్ ఆసుపత్రి సీరియళ్లు, అక్కడ గురువారం రాత్రి వస్తాయి. మనకది శుక్రవారం పొద్దున. ఆఫీసు బస్సెక్కేలోపు నాకు ఒక్క ఎపిసోడ్‌కే టైముంటుంది. 2025 జనవరిలో ‘ది పిట్’ మొదలయ్యేదాకా ఆ టైము ‘గ్రేస్ అనాటమీ’దే. కాలేజీలో పట్టుకున్నాను, 22వ సీజన్ వచ్చినా వదల్లేదు. ఇప్పుడు మాత్రం గ్రేస్ ఆదివారానికి జరిగింది. ఎందుకు జరిగిందో చెప్తాను, అయినా ఎందుకు మానలేదో కూడా.

గ్రేస్ 2005లో మొదలైంది. సియాటెల్ ఆసుపత్రిలో సర్జన్లు, వాళ్ల ప్రేమలు, పెళ్లిళ్లు, చావులు. పిట్ లెక్క వేరు. పిట్స్‌బర్గ్‌లో ఒక ఎమర్జెన్సీ వార్డు, సీజన్ మొత్తం ఒక్క షిఫ్టు. మొదటి సీజన్‌లో ఎపిసోడ్‌కి ఒక గంట చొప్పున పొద్దున ఏడింటికి మొదలై, మధ్యలో కాల్పుల బాధితులు వచ్చిపడటంతో రాత్రి పదింటిదాకా సాగుతుంది. 15 గంటలు, 15 ఎపిసోడ్లు. వార్డుకి పెద్ద డాక్టర్ రాబీగా నోవా వైలీ. 1994లో ‘ఈఆర్’ అనే ఆసుపత్రి సీరియల్‌లో వైద్య విద్యార్థి కార్టర్‌గా వేసింది ఇతనే. పిట్ మొదటి సీజన్‌కే ఉత్తమ డ్రామా, ఉత్తమ నటుడు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) రెండూ వచ్చాయి. మా అమ్మకి ఇవేవీ పట్టవు. పక్కన కూర్చుని ప్రతి వారం ఒకటే అడుగుతుంది: “పొద్దుట్నించీ ఆ పిల్లాడు ఏమన్నా తిన్నాడా?” సీరియల్ మొత్తాన్ని ఆ ప్రశ్న కంటే బాగా నేను చెప్పలేను.

నాకు తేడా తెలిసింది ఒక్క విషయంలో. వెంటిలేటర్ తీసెయ్యాలా వద్దా అన్న ఘట్టం రెండిట్లోనూ ఉంది.

గ్రేస్‌లో అది 11వ సీజన్, 2015. సర్జన్ డెరెక్‌కి ప్రమాదం జరుగుతుంది, చేర్చిన ఆసుపత్రిలో తల స్కాను సమయానికి తీయరు. భార్య, కథానాయిక మెరెడిత్ కూడా డాక్టరే. పరిస్థితి ఆమెకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. సంతకం పెడుతుంది, అతని పక్కన కూర్చుంటుంది, నువ్వెళ్లు, మేం బాగానే ఉంటాం అంటుంది. పాట మొదలవుతుంది, పదేళ్ల జ్ఞాపకాలు కళ్లముందు తిరుగుతాయి. వెక్కివెక్కి ఏడ్చాను. పదేళ్లు మనింట్లో తిరిగినవాడు పోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

పిట్‌లో పోయేది మనకి తెలియని పెద్దాయన, మిస్టర్ స్పెన్సర్. తనకి గొట్టాలు వెయ్యొద్దని ఆయన ముందే రాసి పెట్టుకున్నాడు. కొడుకు, కూతురు ఒప్పుకోరు, వేయిస్తారు. మూడు నాలుగు ఎపిసోడ్లలో ఆ గది తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టలేదు కానీ, రాబీ వేరే రోగుల దగ్గరికి పరిగెత్తడం, మళ్లీ వచ్చి వాళ్ల పక్కన నిలబడటం అలా సాగుతుంది. చివరికి తన గురువు నేర్పిన, హవాయి సంప్రదాయంలోని నాలుగు మాటలు వాళ్లకి చెప్తాడు. నువ్వంటే ప్రేమ. నీకు కృతజ్ఞతలు. నిన్ను క్షమించాను. నన్ను క్షమించు. వెనక పాట లేదు. ఆ పిల్లలు తడబడుతూ అవే మాటలు తండ్రితో అంటారు.

మా తాతయ్య పోయినప్పుడు వెంటిలేటర్ తీసెయ్యాలా వద్దా అన్న కాగితం మా ముందుకీ వచ్చింది. “ఎవరో ఒకరు త్వరగా సంతకం పెట్టండి” అన్నారు. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో మావయ్య పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాడు. తాతయ్యకేం కావాలో మేమెవ్వరం ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ముందే రాసి పెట్టుకునే హక్కును మన సుప్రీంకోర్టు 2018లోనే గుర్తించింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకే నా ఓటు పిట్‌కి. గ్రేస్‌లో రోగి చాలాసార్లు డాక్టరు బతుక్కి అద్దం పట్టడానికి వస్తాడు. డాక్టరుకి తన తప్పు తెలిసొచ్చాక అతని పని అయిపోతుంది. పిట్‌లో రోగి తన కోసం వస్తాడు. వెయిటింగ్ రూములో గంటలు గంటలు కూర్చుంటాడు, పైన వార్డులో బెడ్డు ఖాళీ లేక కారిడార్‌లోనే ఉండిపోతాడు. మన క్యాజువాలిటీ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. సుప్రియా గణేశ్ వేసిన డాక్టర్ మోహన్ రోగితో నిదానంగా కూర్చుని మాట్లాడుతుంది, దానికి ‘స్లో మో’ అని పేరు పెడతారు. అలాంటి డాక్టరు దొరకాలని మొక్కుకునేవాళ్లం మనం.

రెండో సీజన్‌లో లూయీ ఎపిసోడ్ చూశాక ఇక సందేహం మిగల్లేదు. తాగి తాగి ఎన్నోసార్లు అక్కడికే వచ్చిన లూయీ ఆ రోజు చనిపోతాడు. హెడ్ నర్సు డానా కొత్త నర్సు ఎమ్మాని పక్కన పెట్టుకుని అతని ఒళ్లు తుడుస్తుంది. ఎలా తుడవాలో చూపిస్తుంది. అంత నెమ్మదిగా ఉన్న ఘట్టం మెడికల్ డ్రామాలో నేనింకెక్కడా చూడలేదు.

పిట్‌లో లోపాలు లేకపోలేదు. అప్పుడప్పుడు డాక్టర్లు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. గాయాలు, కోతలు దగ్గర్నుంచి చూపిస్తారు, టిఫిన్ తింటూ చూడలేం. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లకి నేను గ్రేసే చెప్తాను. అందులో దుఃఖం ఉన్నా పక్కన స్నేహితులుంటారు, వారం వారం ఓ కుటుంబాన్ని పలకరించినట్టుంటుంది. కాకపోతే కొత్త సీజన్లలో ఆ కుటుంబం పలచబడింది. మెరెడిత్ ఏవో కొన్ని ఎపిసోడ్లలోనే కనిపిస్తుంది. 21వ సీజన్ చివర ఆసుపత్రిలో పేలుడు పెట్టినప్పుడు నాకు భయం వెయ్యలేదు, బాధ వేసింది. ఇన్నేళ్లు ప్రేమించిన కథకి మమ్మల్ని మళ్లీ రప్పించడానికి బాంబులు అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి 11 సీజన్లు చూడండి, నిశ్చింతగా.

పోయిన సంక్రాంతికి మావయ్య వచ్చినప్పుడు పిట్ నాలుగో ఎపిసోడ్ పెట్టాను. పెట్టాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. మన ఇళ్లలో తండ్రితో ప్రేమ అన్న మాట ఎవరంటారు, తిన్నావా నాన్నా అనడమే తప్ప. మావయ్యకి ఇంగ్లిష్ అంతగా రాదు, ఆ నాలుగు మాటల దగ్గర ఆపి తెలుగులో చెప్పాను. కాసేపు టీవీ వంకే చూస్తూ కూర్చుని, రిమోట్ నా చేతికిచ్చి, “ఇంకోసారి పెట్టమ్మా” అన్నాడు.