క్రూజ్‌లో ఎక్స్‌ట్రా టిప్: బిల్లులో ఉన్నది చాలా, చేతికి కూడా ఇవ్వాలా?

థాంక్స్‌గివింగ్ దగ్గరపడుతోందంటే టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి క్రూజ్ బుక్ చేసుకున్న తెలుగువాళ్ల ఫోన్లు మొదలవుతాయి. ఏ గది మంచిది, ఓడ ఆగే మెక్సికో దీవి కోజుమెల్‌లో ఏం చూడాలి అనేవి ముందే తేల్చుకుని ఉంటారు. మిగిలేది ఒక్క ప్రశ్న: "టిప్స్ ఎలాగూ బిల్లులో వేస్తున్నారు కదండీ, మళ్లీ పైన ఇవ్వాలా? ఇస్తే ఎవరికి, ఎంత?" అడిగిన ప్రతివాళ్లకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే నేను అనుకుంటున్నదంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. పెద్ద లైన్లలో, అంటే క్రూజ్ కంపెనీల్లో, మామూలు గదికి ఆటో గ్రాట్యుటీ (బిల్లులో దానంతటదే పడే టిప్) తలకి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు ఉంటోంది, సూట్‌లకైతే ఇంకాస్త ఎక్కువ. పద్దెనిమిది అనుకుంటే నలుగురున్న కుటుంబానికి ఏడు రాత్రులకి 504 డాలర్లు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు దీన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే నలభై వేల పైమాటే. "భోజనం వడ్డించినందుకా?" అని ఆయన అడగడంలో తప్పేం లేదు. చాలా లైన్లలో పిల్లలకీ ఇదే రేటు, మరీ పసిపిల్లలకి మాత్రం కొన్ని లైన్లు మినహాయిస్తాయి. బార్‌లో కొన్నవాటి మీద, స్పా మీద, స్పెషాలిటీ రెస్టారెంట్ మీద 18 నుంచి 20 శాతం వేరేగా పడుతుంది. ఇంత కట్టాక ఇంకా పైన ఇవ్వడమెందుకనే చిరాకు నాకూ వచ్చింది.

ఇప్పుడు మన ముందున్న దారులు ప్రధానంగా మూడు. ఆటో టిప్ అలాగే వదిలేసి ఇంకేమీ ఇవ్వకపోవడం ఒకటి. ఆటో టిప్ తీయించేసి, ఆ డబ్బు మనకి నచ్చినవాళ్ల చేతికే ఇవ్వడం రెండోది. ఆటో టిప్ ఉంచి, దాని పైన ఇద్దరు ముగ్గురికి విడిగా ఇవ్వడం మూడోది.

మొదటిదానితో నాకు పేచీ లేదు. అది కట్టినవాళ్లు ఎవరికీ బాకీ లేరు. పైన ఇవ్వలేదని ఎవరూ మొహం మాడ్చుకోరు, మీ పరుపు మీద దుప్పటి తేడాగా పరవరు. బడ్జెట్ గట్టిగా ఉన్నవాళ్లు, పిల్లల్ని తొలిసారి తీసుకెళ్తున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. టెన్షన్ పడాల్సిన పనే లేదు.

రెండోదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్లలో దీనికి అభిమానులు ఎక్కువ, వాదన కూడా వినడానికి న్యాయంగానే ఉంటుంది. "కంపెనీ చేతిలో పెడితే వాళ్లకి ఎంత చేరుతుందో ఎవరికి తెలుసు? నేనే ఇస్తే మొత్తం వాళ్లకే పోతుంది కదా?" చాలా లైన్లలో గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లి అడిగితే తగ్గిస్తారు, తీసేస్తారు కూడా.

చిక్కేమిటంటే, మన కంటికి కనబడేవాళ్లు నలుగురైతే కనబడనివాళ్లు నలభై మంది. దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, బఫేలో ప్లేట్లు ఎత్తేవాళ్లు, వంటింట్లో కూరగాయలు తరిగేవాళ్లు. లైన్‌ని బట్టి వీళ్లలో చాలామందికి ఆటో టిప్‌లన్నీ కలిపిన ఉమ్మడి మొత్తంలో వాటా ఉంటుంది. పెళ్లి భోజనాల్లో వడ్డించిన కుర్రాడి జేబులో నోటు పెట్టి, పొయ్యి దగ్గర తెల్లవారుజాము నుంచి నిలబడ్డవాణ్ని మర్చిపోయినట్టు ఉంటుంది ఆ టిప్ తీయించేయడం. పైగా, తీయించేసిన గది నుంచి చేతికి వచ్చిన నగదుని కూడా ఉమ్మడిలో జమ చేయాలన్న నియమం కొన్ని ఓడల్లో ఉందని సిబ్బందే చెబుతుంటారు. అదే నిజమైతే మీరు మొత్తం వాళ్లకే ఇచ్చామనుకున్నది వాళ్లకి మిగలదు. ఇంకో సంగతి కూడా ఉంది. తీయించేవాళ్లందరూ ఆ 504 డాలర్లనీ కవర్లలో పెట్టి పంచుతారా? చివరి రాత్రి ఇరవై డాలర్లతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు.

"జీతం కంపెనీ ఇవ్వాలి, నేనెందుకివ్వాలి?" అనేది ఇంకా గట్టి ప్రశ్న. సూత్రంగా నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ఈ ఓడలు టెక్సస్‌లో బయల్దేరినా చాలావరకు బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయి, వాటి జెండాల కింద తిరుగుతాయి. అమెరికా కనీస వేతన చట్టం వీళ్లకి అందదు. వీళ్లకున్న ప్రధానమైన రక్షణ 2006 నాటి సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం. అది 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. అమెరికా ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. జెండా దేశం రెండు లెక్కల్లో ఒకటి ఎంచుకోవచ్చని ఆ ఒప్పందం చెబుతుంది: వారానికి పని 72 గంటలు దాటకూడదు, లేదా విశ్రాంతి 77 గంటలకి తగ్గకూడదు. రెండో లెక్క పట్టుకుంటే వారానికి 91 గంటల దాకా పని చేయించినా నియమం తప్పినట్టు కాదు. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్ట్, అందులో వారం వారం సెలవంటూ ఉండదు. ఈ పద్ధతి మారాలంటే కంపెనీల మీద ఒత్తిడి రావాలి. మన గది ఊడ్చే మనిషి రాబడిలో కోత పెడితే ఆ ఒత్తిడి కంపెనీకి తగలదు.

ఆటో టిప్ తీయించడం సబబు అనిపించే సందర్భం లేకపోలేదు. గది మూడు రోజులు శుభ్రం చేయలేదు, చెప్పినా పట్టించుకోలేదు అనుకోండి, అప్పుడు అడగండి. అయితే చివరి ఉదయం బిల్లు చూసి కాదు, రెండో రోజే కౌంటర్‌కి వెళ్లి ఫిర్యాదు చేయండి. నూటికి తొంభై సార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇక నా ఓటు మూడోదానికి. ఇక్కడ అసలు తేల్చుకోవాల్సింది ఎంత అని కాదు, ఎవరు మన కోసం మామూలుకంటే ఎక్కువ పని చేశారు అని. ఆటో టిప్ వాళ్ల మామూలు పనికి. ఎక్స్‌ట్రా అన్నది నిజంగా ఎక్స్‌ట్రా పనికి పోవాలి. ఈ ఒక్క కొలత పెట్టుకుంటే ఎవరికివ్వాలో దానంతటదే తేలుతుంది.

మొదటి పేరు దాదాపు ఎప్పుడూ రూమ్ అటెండెంట్‌దే. 2023 నుంచి రాయల్ కరీబియన్, నార్వేజియన్ లాంటి లైన్లలో మామూలు గదులకి రోజుకి రెండుసార్లు శుభ్రం చేయడం పోయి ఒక్కసారికి వచ్చింది. పని తగ్గిందనుకుంటాం గానీ, ఒక్కొక్కరికి అప్పజెప్పే గదులు పెరిగాయన్నది సిబ్బంది మాట. నలుగురం ఒకే గదిలో ఇరుక్కునే మనలాంటి కుటుంబాల గది చూడండి. సోఫాని పరుపుగా మార్చాలి, పైనుంచి దిగే బెర్త్ దించాలి, మళ్లీ ఎత్తాలి. కోజుమెల్ బీచ్ నుంచి పిల్లలు మోసుకొచ్చిన ఇసుక కార్పెట్‌లో, బాత్రూమ్ గుమ్మంలో, దుప్పటి మడతల్లో కూడా ఉంటుంది. అమ్మగారు ఆరేసిన చీర షవర్ తీగ మీద వేలాడుతుంటే, దాన్ని జాగ్రత్తగా పక్కకి జరిపి, కింద తుడిచి, మళ్లీ అలాగే వేసి వెళ్లిన మనిషికి వారానికి 30 నుంచి 50 డాలర్లు ఇవ్వడం నా దృష్టిలో ఎక్కువ కాదు. ఇద్దరే ఉండి, గది చక్కగా పెట్టుకునేవాళ్లైతే ఇరవై చాలు.

రెండోది భోజనం. ఇక్కడ మన కథ వేరు. శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు ఉన్న కుటుంబాలు మెయిన్ డైనింగ్‌లో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే, రేపటికి ఏం కావాలో ముందురోజే అడిగి ఇండియన్ వంట విడిగా చేయించి పెట్టే ఏర్పాటు చాలా ఓడల్లో ఉంది. పప్పు, రోటీ, ఒక కూర. రెండో రాత్రికల్లా అమ్మ అడగకుండానే ఆమె ప్లేటు పక్కన చిన్న గిన్నెలో చప్పటి పెరుగు ప్రత్యక్షమవుతుంది. ఇది ఏ మెనూలోనూ ఉండదు. దీని వెనక ముగ్గురుంటారు: గుర్తుపెట్టుకుని తెచ్చిన వెయిటర్, లోపల చెప్పిన హెడ్ వెయిటర్, వండిన మనిషి. మనం వెయిటర్‌కి మాత్రమే ఇస్తాం, ఎందుకంటే అతనే కనబడతాడు. నా సలహా ఏమిటంటే, చివరి రెండు రాత్రుల్లో ఒకరోజు "వండినవారిని ఒకసారి కలవచ్చా?" అని అడగండి. చాలాసార్లు తెల్ల కోటులో ఆయనే బయటికొస్తారు. అమ్మానాన్నల చేతుల మీదుగా ఆయనకో ఇరవై డాలర్లు ఇప్పించండి. వెయిటర్‌కీ, అసిస్టెంట్‌కీ కలిపి ఇంకో ముప్పై నలభై. ఏ రాత్రికి ఆ రాత్రి వేరే టేబుల్లో కూర్చునేవాళ్లకి ఈ లెక్కలు వర్తించవు. అలాంటప్పుడు బాగా చూసుకున్నవారికి అప్పటికప్పుడే ఐదు డాలర్లు ఇచ్చేయడం నయం.

ఒక మాట అనకుండా ఉండలేను. వెయిటర్ గోవా నుంచో ముంబై నుంచో వచ్చినవాడని తెలిస్తే మనవాళ్లు హిందీలో కలిసిపోయి, మెనూలో లేనివన్నీ చేయించుకుని, చివర్లో భుజం తట్టి "థాంక్యూ భయ్యా" అని వచ్చేస్తారు. మనవాడే కదా అనే చనువు పని చెప్పేటప్పుడు ఉన్నంతగా నోటు తీసేటప్పుడు ఉండదు.

ఎప్పుడివ్వాలి అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. మొదటి రోజే ఇచ్చేస్తే వారమంతా బాగా చూసుకుంటారని కొందరు, చివరి రోజే పద్ధతి అని కొందరు. మొదటి రోజు ఇచ్చేది నాకు లంచంలా అనిపిస్తుంది, పైగా ఇంకా ఏమీ చూడకముందే ఇవ్వడం. అలాగని చివరి రాత్రికి వాయిదా వేస్తే, సూట్‌కేసులు కారిడార్‌లో పెట్టే హడావుడిలో అటెండెంట్ దొరకడు, మర్నాడు ఉదయం టిఫిన్‌కి వేరే వెయిటర్ వస్తాడు. నేను మూడో నాలుగో రోజు సగం, చివరి ముందురోజు సగం ఇస్తాను. మనిషి దొరక్కపోతే గదిలో వదిలేసేటప్పుడు కవర్ మీద పేరు రాసి, థాంక్స్ అని ఒక ముక్క తప్పకుండా రాయండి. ఊరికే టేబుల్ మీద పడి ఉన్న నోటుని సిబ్బంది ముట్టుకోరు, ముట్టుకుంటే వాళ్ల ఉద్యోగానికే ముప్పు.

చిల్లర సంగతి ఇంటి దగ్గరే చూసుకోండి. ఇండియా నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఫారెక్స్ ఏజెంట్ ఇచ్చిన వంద డాలర్ల నోట్లే ఉంటాయి. గెస్ట్ సర్వీసెస్‌లో మారుస్తారు గానీ చివరి రోజు ఆ లైన్‌లో నిలబడటం శుద్ధ దండగ. ఐదులు, పదులు, ఇరవైలు కలిపి ఓ నూటయాభై దగ్గరుంచుకుంటే సరిపోతుంది.

మిగిలినవి గబగబా. బార్ రసీదులో అడుగున ఖాళీగా కనబడే టిప్ గీత, అప్పటికే పడిన 18 లేదా 20 శాతానికి అదనం. సంతకం పెట్టేముందు పైన చూడండి. రూమ్ సర్వీస్ తెచ్చినవారికి రెండు మూడు డాలర్లు. పూతరేకులు, కాజాలు, చాక్లెట్లు ఇవ్వడం ముచ్చటే గానీ, ఇరుకు క్యాబిన్‌ని ఇంకొకరితో పంచుకునే మనిషికి నోటే ఉపయోగం. ఆఫీసర్లకీ కెప్టెన్‌కీ టిప్ ఇవ్వరు. టెర్మినల్‌లో సూట్‌కేసులు తీసుకునే పోర్టర్లు ఓడ సిబ్బంది కాదు, ఆటో టిప్‌లో వాళ్లకి పైసా రాదు. పెట్టెకి రెండు డాలర్లు అక్కడే ఇచ్చేయాలి. కోజుమెల్ టూర్ గైడ్ కూడా అంతే. రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్ లాంటి ఖరీదైన లైన్లలో టిప్స్ టికెట్‌లోనే కలిసి ఉంటాయి. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ కూడా 2019లో విడిగా వేయడం మానేసింది. ఇండియాలో కార్డీలియా క్రూజ్ ఎక్కేవాళ్లు బుకింగ్ రసీదులో గ్రాట్యుటీ లైను ఉందో లేదో ముందే చూసుకుంటే చాలు.

డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా అందరూ చేయగలిగేది, దాదాపు ఎవరూ చేయనిది ఒకటుంది: సర్వే. దిగిన రెండు మూడు రోజుల్లో ఈమెయిల్ వస్తుంది. అందులో పేరు రాస్తే అది వాళ్ల సూపర్‌వైజర్ దాకా వెళుతుంది, ప్రమోషన్‌కీ తర్వాతి కాంట్రాక్ట్‌కీ పనికొస్తుంది. "అందరూ బాగా చూసుకున్నారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పేరు, గది నంబరు, ఏం చేశారో ఒక వాక్యం రాయాలి. పేరు స్పెల్లింగ్ గుర్తుండదు కాబట్టి వాళ్ల బ్యాడ్జ్‌ని ఓడలో ఉన్నప్పుడే అడిగి ఫోటో తీసుకోండి. ఆ మెయిల్ చాలామందికి ప్రమోషన్స్ ఫోల్డర్‌లోకి పోతుంది, అక్కడ కూడా వెతకండి.