పాకాల కట్ట మీద ఫాంటసీ పాఠం: ఒక రచనా శిబిరంపై సమీక్ష

ఫాంటసీ రాసేవారికి ఆరుబయటే పాఠాలు చెప్పాలన్న ఉద్దేశంతో హనుమకొండలో ఒక చిన్న బృందం నడుపుతున్న వారాంతపు శిబిరానికి ఈ ఫాల్గుణంలో వెళ్ళాను. శనివారం పాకాల చెరువు, ఆదివారం రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు. ప్రయాణం, భోజనం, అచ్చు వేసిన పాఠ్యపుస్తకం రుసుములోనే కలిసి ఉన్నాయి.

ఈ శిబిరానికి ప్రాణం మొదటి రోజు పాఠమే. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి ఆ చెరువు కట్ట మీద కూర్చోబెట్టి బోధకురాలు మమ్మల్ని వర్ణన రాయమనలేదు. మీ కథలోని రాజ్యంలో ఇలాంటి కట్ట తెగితే ముందు ఎవరి పొలం మునుగుతుంది, తూము ఎత్తే అధికారం ఎవరిది, కరువు ఏడాది ఆ అధికారం కోసం ఎవరు ఎవరిని చంపుతారు అని అడిగారు. మధ్యాహ్నానికి చాలామంది కథల్లో మాంత్రికుడి కన్నా తూము ఎత్తి పొలాలకు నీరు వదిలే నీరటికాడే బలవంతుడయ్యాడు. ప్రకృతిని తెర మీది బొమ్మగా కాక, పాత్రలు దాటలేని నియమంగా చూడటమంటే ఇదే.

అడవిలోకి నడిచాక ఒక నల్లమద్ది దగ్గర ఆగాము. మొసలి వీపులా పలకలుగా చీలిన ఆ బెరడును తడిమి చూడమన్నారు. ఈ జాతిలో కొన్ని చెట్లు కాండంలో నీరు దాచుకుంటాయనీ, 2024లో పాపికొండల అడవిలో అధికారులు అలాంటి చెట్టుకు గాటు పెడితే నీరు ధారగా చిమ్మిందనీ చెప్పారు. దాహంతో పడిపోయిన వీరుడికి ఆకాశం నుంచి అమృతం కురిపించడం కంటే, ఆ చెట్టును ఆనవాలు పట్టగల ముసలమ్మను కథలోకి తేవడం ఎంతో నమ్మదగిన అద్భుతం. పైగా గాటు చెట్టును గాయపరుస్తుంది కనుక ఆ నీటికి మూల్యం కూడా కథలోనే పుడుతుంది.

జొన్న రొట్టె, పచ్చిపులుసుతో భోజనం బాగుంది.

రెండో రోజు మాత్రం నిరాశపరిచింది. ఎండ ముదిరాక పాండవుల గుట్టలకు చేర్చి, రాతి మీది ప్రాచీన చిత్రాలను నిలబడి చూసే తీరిక లేకుండా ముందుకు తరిమారు. ఆ చిత్రాలు గీసినవారు ఏ గుహను ఎందుకు ఎంచుకున్నారో, నీడ ఏ వేళకు ఎటు పడుతుందో గమనించకపోతే అంత దూరం వెళ్ళి ప్రయోజనం ఏమిటి?

పాఠ్యపుస్తకం ఇంకా పెద్ద లోపం. అందులోని ఉదాహరణలన్నీ మంచుకొండలు, పైన్ అడవులే. మన అడవి ఎండాకాలానికి ఆకు రాల్చి బోసిపోతుంది. అప్పుడు అందులో సైన్యం దాగలేదు, ఎండుటాకుల మీద వేగువాడు చప్పుడు లేకుండా నడవలేడు. వానలు పడ్డాక అదే అడవి పది అడుగుల అవతలి మనిషిని కూడా కనపడనివ్వదు. యుద్ధం ఏ మాసంలో జరగాలో నిర్ణయించే ఇంత విలువైన విషయం పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా లేదు.

రుసుము ఎక్కువేమీ కాదు. నవల మొదలుపెట్టి లోకనిర్మాణం (కథ జరిగే ప్రపంచాన్ని ఊహించి కట్టడం) దగ్గర ఆగిపోయినవారు పాకాల రోజు కోసమైనా తప్పక వెళ్ళాలి. పేరు నమోదు చేసుకునేటప్పుడే గుట్టలకు తెల్లవారుజామున బయలుదేరదీయమని నిర్వాహకులను గట్టిగా అడగండి.