ఏడు గళ్ల అలారం మాత్రల డబ్బా: మత్తు అలవాటున్నవారి హెచ్ఐవీ మందులకు ఎంత పనికొస్తుంది?

రోజుకో మాత్ర వేసుకునేవారికి ఒక వరుస డబ్బా చాలు. రెండు పూటల గళ్లున్నది కొంటే గందరగోళమే. గడి ఖాళీ అయితే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే మర్చిపోయినట్టు. మత్తు దిగని పొద్దున "వేసుకున్నానా, లేదా?" అన్న అనుమానంతో రెండోది మింగే ప్రమాదం తప్పుతుంది. పెట్టిన డబ్బుకి ఈ ఒక్క గుణమే గిట్టుబాటు.

అలారం మాత్రం సగం పనే చేస్తుంది. రాత్రి తొమ్మిదికి పెడితే సరిగ్గా తాగే వేళకు మోగుతుంది. నొక్కి ఆపేస్తారు, అంతే. పొద్దున పళ్లు తోముకోవడానికో, మెథడోన్ (హెరాయిన్ లాంటి మత్తు మాన్పించడానికి ఇచ్చే మందు) డోసుకో ముడిపెడితే అలవాటు నిలుస్తుంది.

డబ్బా తీర్చలేని చిక్కు ఇంకోటుంది. తాగిన రోజు మాత్ర వేస్తే విషమవుతుందని కావాలనే మానేస్తారు చాలామంది. తాగినా మాత్ర మానకూడదు. ఈ మాట కౌన్సెలరే చెప్పాలి. హ్యాంగోవర్‌కి యాంటాసిడ్ (కడుపులో మంట తగ్గించే మందు) వాడేవారైతే డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మాత్రను దానికి 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేకపోతే యాంటాసిడ్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం మందును ఒంటికి పట్టనివ్వవు. ఎఫావిరెంజ్ అనే మరో హెచ్ఐవీ మందు అయితే ఒంట్లో మెథడోన్ స్థాయిని తగ్గిస్తుంది, విత్‌డ్రాయల్ (మత్తు అందక వచ్చే బాధలు) మొదలవచ్చు. చాలామంది హెచ్ఐవీ మాత్ర పడట్లేదనుకుని మానేసేది అప్పుడే. మానకుండా, మెథడోన్ డోసు సర్దమని డాక్టరును అడగాలి.

చౌక రకం డబ్బాల మూతలు వదులుగా ఉంటాయి. తేమ పీల్చే పొట్లంతో వచ్చే మాత్రలైతే డబ్బాలో పెట్టొచ్చో లేదో ఫార్మసిస్టును అడిగాకే నింపండి.