ఘాట్ ఎక్కేముందు మ్యాప్ చూడాలా, మామకి ఫోన్ కొట్టాలా

కడప నుంచి రాయచోటి మీదుగా పోయేవాళ్ళు గువ్వలచెరువు ఘాట్ సంగతి కనుక్కోకుండా బండి తీయొద్దండీ. దానికి నాకు తెలిసి రెండే దార్లు, ఫోన్లో లైవ్ మ్యాప్ చూసుకోడం, లేదంటే అటుపక్క తెలిసినోళ్ళకి ఫోన్ కొట్టడం.

మ్యాప్ ఏం చేస్తదంటే రోడ్డు మీద పోతున్నోళ్ళ ఫోన్లు ఎంత స్పీడుగా కదుల్తున్నాయో చూసి రంగేస్తది, యాక్సిడెంట్ గుర్తులు మాత్రం చాలావరకు దారిలో ఉన్న జనం రిపోర్ట్ కొడితేనే వస్తాయి. అందుకే కర్నూలు-అనంతపురం 44వ నంబర్ హైవేలో, పగలూ రాత్రీ బండ్లు తిరిగే రోడ్డు కాబట్టి, నేను మ్యాప్‌నే నమ్ముతా. ఎవర్నీ నిద్ర లేపే పని లేదు.

ఘాట్ అట్లా కాదు. పోయిన వానాకాలం పొద్దున్నే చూస్తే మలుపుల కాడ గీత ముదురు ఎరుపులో ఉంది, సరే జామ్ అని తెలిసింది గానీ ఎందుకో ఎంతసేపో తెలీదు కదా, రాయచోటి మామకి కొట్టినా. "లారీ అడ్డం పడింది అల్లుడూ, క్రేన్ ఇంకా రాలా, పిల్లోళ్ళకి అన్నం పెట్టుకొని నిదానంగా రాండి" అన్నాడు. ఇంట్లోనే తినేసి పదకొండుకి బయల్దేరినాం.

ఘాట్‌కైతే నా ఓటు ఫోన్‌కే. తెలిసినోళ్ళు లేకపోతే మ్యాప్ చూసుకోండి, నేషనల్ హైవే మీద ఏదన్నా అయితే 1033కి కొట్టండి, 24 గంటలూ ఉంటది. డ్రైవింగ్‌లో ఉన్నోళ్ళు మాత్రం ఫోన్ ముట్టుకోవద్దు, పక్కనోళ్ళకి ఇచ్చేయండి.