అడుగు కురచ చేసుకున్నాక: ఆరేళ్ల లెక్క

పరుగు తీరు మార్చుకుంటే మోకాలి నొప్పి పోతుందా అని మా ఉదయపు పరుగు బృందంలో కొత్తగా చేరిన ప్రతివారూ అడుగుతారు. నా మోకాలి నొప్పి పోయింది. దాని బదులు మడమ వెనుక నొప్పి వచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. మొదటి మాట మాత్రమే చెప్పి ఊరుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి రెండోదాని గురించే వివరంగా రాస్తున్నాను.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. విశాఖపట్నంలో ఉంటాను. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసే వేళలో, కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి కురుసుర జలాంతర్గామి మ్యూజియం మీదుగా వెళ్లి రావడం 2016 నుంచి అలవాటు. 2018 కల్లా వారానికి నలభై కిలోమీటర్లకు చేరాను. ఆ ఏడాది దసరా సెలవుల నాటికి రెండు నొప్పులు స్థిరపడ్డాయి. ఒకటి కుడి మోకాటి చిప్ప చుట్టూ, ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు. రెండోది మోకాలి కింద, కాలి ముందు ఎముక లోపలి అంచున, వేలితో నొక్కితే ప్రాణం పోయేంత. ఎముకల డాక్టరొకరు ఎక్స్‌రే చూసి, "నలభై దాటాయి కదమ్మా, నడవండి, పరుగెందుకు?" అని పది రోజులకు మాత్రలు రాశారు. మాత్రలు వేసుకున్న పది రోజులూ బాగానే ఉంది.

2019 జనవరిలో తీరు మార్చడం మొదలుపెట్టాను. అప్పటి నా పరుగు ఎలా ఉండేదో ముందు లెక్కగా చెప్పాలి. ముప్పై సెకన్లలో ఎడమ కాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి అడుగుల లెక్క వస్తుంది. రన్నర్లు దాన్నే క్యాడెన్స్ అంటారు. నాది 156. కిలోమీటరుకు ఏడు నిమిషాల చొప్పున పరుగెత్తేదాన్ని కాబట్టి కిలోమీటరుకు 1,092 అడుగులు, అంటే ఒక్కో అడుగు 92 సెంటీమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఆ వేగానికి అంత అడుగు వేయాలంటే కాలు ఒంటికి చాలా ముందుగా చాపాలి. మోకాలు దాదాపు నిటారుగా ఉండగా మడమ నేలకు తగులుతుంది. ప్రతి అడుగూ ఒక చిన్న బ్రేకు. ఆ బ్రేకు దెబ్బ తినేది మోకాలే.

అడుగుల లెక్క గురించి రన్నర్లలో ఒక మూఢనమ్మకం ఉంది, 180 ఉండి తీరాలని. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ మేటి రన్నర్ల అడుగులు లెక్కపెడితే దాదాపు అందరూ 180కి పైనే ఉన్నారు. వాళ్లు పతకం కోసం పరుగెత్తుతున్నవాళ్లు. ఏడు నిమిషాలకో కిలోమీటరు వెళ్లే లెక్చరరుకు ఆ అంకె ఎందుకు వర్తించాలి? నాకు పనికొచ్చింది 2011లో వెలువడిన హైడర్‌షైట్ బృందం పరిశోధన. ఎవరి అడుగుల లెక్కను వాళ్లు, వేగం పెంచకుండా, అయిదు నుంచి పది శాతం పెంచుకుంటే మోకాలిపైనా తుంటిపైనా పడే భారం తగ్గుతుందని అందులో చూపారు. 156కి అయిదు శాతం కలిపితే 164, పది శాతమైతే 172. నేను 170 దగ్గర ఆగాను. అడుగు 84 సెంటీమీటర్లకు కుదించుకుంది. ఎనిమిది సెంటీమీటర్లు అంటే నాలుగు వేళ్ల మందం. చూసేవాళ్లకు తేడా తెలియదు, చేసేవాళ్లకు మాత్రం మొదటి నెలంతా ఎవరో కాళ్లకు తాడు కట్టి పరుగెత్తిస్తున్నట్లు ఉంటుంది.

లయ పట్టుకోవడానికి ఫోనులో టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టుకున్నాను. నాలుగు రోజులకే విసుగొచ్చింది. మా అమ్మాయి అప్పట్లో కూచిపూడి నేర్చుకునేది. దాని తట్టుకర్ర చప్పుడు వింటూ కూర్చున్న ఒక సాయంత్రం తట్టింది, అడుగులను "తకిట తకిట" అని మూడేసి చొప్పున ఎందుకు లెక్కపెట్టకూడదని. రెండేసి లెక్కపెడితే ఊనిక ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. మూడేసి అయితే "త" ఒకసారి ఎడమ మీద, మరోసారి కుడి మీద పడుతుంది. తెలియకుండా ఒక కాలి మీద బరువు మోపే అలవాటు బయటపడుతుంది. ఆరేళ్లలో నేను కొన్న వస్తువులన్నిటికంటే ఈ పైసా ఖర్చు లేని తకిటే ఎక్కువ పనికొచ్చింది.

ఇక్కడిదాకా సవ్యంగానే చేశాను. చెడగొట్టింది అత్యాశ. చెప్పుల్లేకుండా పెరిగిన రన్నర్లు ముందుపాదం మీద వాలుతారని, అందువల్ల మడమ తగిలినప్పుడు వచ్చే తొలి కుదుపు వాళ్లకు దాదాపు ఉండదని హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో ప్రచురించింది. అది చదివి, అడుగు కురచ చేయడంతో ఆగకుండా మునికాళ్ల మీద పరుగెత్తడం మొదలుపెట్టాను. మడమకూ వేళ్లకూ ఎత్తు తేడా లేని పలుచటి షూ తెప్పించుకున్నాను. అంతకుముందు వాడినవాటికి మడమ పది మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండేది. ఆ తేడానే డ్రాప్ అంటారు. లీబర్‌మన్ పరిశీలించిన కెన్యా రన్నర్లు బుడిబుడి అడుగుల నుంచీ ఉత్తి కాళ్లతో తిరిగినవాళ్లు. నేను ఎనిమిదో తరగతి నుంచి ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నదాన్ని. ఈ ముక్క ఆ వ్యాసం చదివేటప్పుడు తట్టలేదు.

ఆరు వారాలు పండగే. మోకాలు నొప్పి అంటే ఏమిటో మరిచిపోయింది. ఎముక అంచు నొప్పి కూడా సద్దుమణిగింది. కనబడినవారికల్లా హితబోధ చేశాను. పిక్కలు రాయిలా బిగుసుకుపోతుంటే, కొత్త కండరాలు పని నేర్చుకుంటున్నాయని సర్దిచెప్పుకున్నాను. ఉగాది వెళ్లిన వారం, ఒక పొద్దున మంచం దిగి ఎడమ పాదం నేల మీద మోపగానే మడమ వెనుక కత్తితో గీసినట్లయింది. వంటింటిదాకా గోడ పట్టుకుని వెళ్లాను. చేత్తో తడిమితే నరం మధ్యలో వేరుశనగ గింజంత ఉబ్బు.

నరం అని అందరం అంటాం గానీ అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టే తాడు. డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. పరుగులో దాని మీద శరీర బరువుకు ఆరేడు రెట్ల లాగుడు పడుతుంది. మునికాళ్ల మీద దిగితే ప్రతి అడుగులోనూ మడమ కిందికి కుంగకుండా ఆపాల్సింది ఆ తాడే. షూ మడమ పది మిల్లీమీటర్లు తగ్గిస్తే తాడు ఇంకా సాగాలి. ఇది ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే మీట సూత్రం. భారం మాయమైపోదు, ఒక చోట తగ్గితే ఇంకో చోట పెరుగుతుందని ఇరవై ఏళ్లుగా బల్ల గుద్ది చెప్పిన మనిషిని. నా కాలి దాకా వచ్చేసరికి ఆ సంగతి గుర్తు రాలేదు.

ఈసారి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ఆమె మాత్రలు ఇవ్వలేదు, మేడ మెట్లు చూపించమంది. మెట్టు అంచున ముందుపాదాలు ఉంచి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీదే మెల్లగా మడమను మెట్టు కన్నా కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు. పొద్దునా సాయంత్రమూ, వారంలో ఏడు రోజులూ, పన్నెండు వారాలు. రోజుకు నూట ఎనభై దింపుళ్లు. స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. నొప్పి వస్తే ఆపమని కాదు, ఓర్చుకోగలిగినంత నొప్పి ఉన్నా చేయమని అందులోని మెలిక. విశ్రాంతి తీసుకుంటే తాడు మెత్తబడుతుంది, బరువు మోస్తేనే గట్టిపడుతుంది.

మొదటి మూడు వారాలు నొప్పి తగ్గకపోగా పెరిగింది. నాలుగో వారంలో మానేద్దామనుకున్నాను కూడా. మా అత్తయ్య తులసికి నీళ్లు పోయడానికి వస్తూ, "మొదలైందా కొంగజపం?" అనేవారు. తొమ్మిదో వారానికి ఉబ్బు సగమైంది. పన్నెండు వారాలు పూర్తయ్యాక ఫిజియోథెరపిస్టు పుస్తకాల సంచి వీపున వేసుకుని అయిదు కిలోల బరువుతో చేయించింది. ఇప్పటికీ వారానికి మూడు రోజులు చేస్తాను. మానేసిన నెలల్లో ఎడమ మడమ తప్పకుండా గుర్తు చేస్తుంది.

తిరిగి పరుగు మొదలుపెట్టినప్పుడు ఆమె పెట్టిన షరతులు రెండే. పరుగులో నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మంచం దిగాక మొదటి పది అడుగుల్లో బిగుతు ముందురోజు కంటే ఎక్కువ ఉండకూడదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పది విడతలు. అంత నెమ్మదిగా వెళ్తుంటే ముసలివాళ్లు కూడా దాటిపోయేవారు, కొందరు పలకరించి మరీ. ఆ ఏడాది చివర నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్లు వెళ్లాను, ఒక గంటా పద్నాలుగు నిమిషాల్లో. పలుచటి షూ అప్పటికే రైతుబజారుకు వెళ్లడానికి మారిపోయింది. కూరగాయలకు అది చాలా హాయిగా ఉంటుంది.

ఒక విషయం ఒప్పుకోవాలి. తీరు మార్చిన కొత్తలో వారానికి నలభై కిలోమీటర్లను పదిహేనుకు తగ్గించాను. మోకాలు బాగుపడింది కురచ అడుగు వల్లా, తక్కువ దూరం వల్లా? ప్రయోగంలో రెండు చలరాశులను ఒకేసారి మార్చిన విద్యార్థికి నేను మార్కులు వేయను. జవాబు అనుకోకుండా దొరికింది. 2021 చివర్లో ఒక వేగమైన బృందంతో నాలుగు ఆదివారాలు కైలాసగిరి ఘాట్ రోడ్డు దిగుతూ పరుగెత్తాను. వాళ్లను అందుకోవడానికి కాళ్లు మళ్లీ ముందుకు చాచడం మొదలైంది. వారం మొత్తం దూరం పెరగలేదు. మూడో ఆదివారానికి కుడి మోకాటి చిప్ప పాత పాట అందుకుంది. బృందం వదిలేసి తకిటకు తిరిగి వచ్చాక రెండు వారాల్లో సర్దుకుంది. ఒక్క మనిషి, ఒక్క మోకాలు. శాస్త్రం కాదు గానీ నాకు చాలు.

అప్పుడే మా అమ్మాయి ఫోనులో నెమ్మది వీడియో తీసింది. నేను ముందుపాదం మీద దిగుతున్నానని ఇన్నాళ్లూ అనుకుంటే, మడమే ముందు తగులుతోంది! కాకపోతే పాదం ఒంటి ముందు కాకుండా దాదాపు ఒంటి కిందే పడుతోంది, తగిలే క్షణంలో మోకాలు వంగి ఉంది. అసలు సంగతి అదేనని నా నమ్మకం. పాదంలో ఏ భాగం ముందు తగిలిందన్న వాదనతో కాలం వృథా చేసుకోవద్దు, ఎక్కడ తగిలిందో చూసుకోండి. ఒక పక్క నుంచి పది సెకన్ల వీడియో చాలు.

నాకు జరిగింది నాకే జరిగిందని కూడా అనుకోవద్దు. హాంకాంగ్‌లో 320 మంది కొత్త రన్నర్లతో చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, మెత్తగా దిగడం రెండు వారాలు నేర్చుకున్నవారికి ఏడాదిలో గాయాలు 62 శాతం తక్కువ. అందరూ ఈ అంకె దాకా చెప్పి ఆపేస్తారు. అదే పరిశీలనలో, నేర్చుకున్నవారి గాయాల్లో మోకాళ్లవి తగ్గి, అకిలిస్, పిక్క నొప్పులు ఎక్కువగా కనిపించాయి. ఆ వాక్యం ముందే చదివి ఉంటే పన్నెండు వారాల కొంగజపం తప్పేది.

ఇసుక సంగతి చెప్పకపోతే విశాఖ రన్నర్లు ఊరుకోరు. 2022 వేసవిలో రోడ్డు వేడికి భయపడి తడి ఇసుక మీదికి దిగాను. మెత్తన కదా, కాళ్లకు మంచిదనుకున్నాను. పొడి ఇసుకలో మడమ కూరుకుపోయి తాడు మరింత సాగుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. రెండు వారాలకు ఎడమ మడమ, ఎడమ తుంటి కలిసి మొరపెట్టాయి. ఆరు వారాలు పోయాయి. ఇప్పుడు సముద్రాన్ని గట్టు మీది నుంచే చూస్తాను.

వేగం పెరుగుతుందా అంటే, ఏడు నిమిషాలు ఆరు నిమిషాల యాభై సెకన్లయింది, అంతే. ఆయాసం మొదటి మూడు నెలలు పెరుగుతుంది, ఆ తర్వాత మామూలే. ఇప్పుడు వారానికి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, ఎనిమిది మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్న సాదా షూ. మోకాటి చిప్ప నొప్పితో బాధపడేవారు, మడమ, పిక్క ఎన్నడూ ఇబ్బంది పెట్టనివారు, వారానికి రెండు మూడు శాతం చొప్పున అడుగుల లెక్క పెంచుకుంటూ వెళ్తే నష్టం లేదు. మెట్టు మీది దింపుళ్లు నొప్పి వచ్చాక కాదు, తీరు మార్చడానికి నెల ముందే మొదలుపెట్టండి. మడమ వెనుక పాత నొప్పి ఉన్నవారు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు. ఏ నొప్పీ లేనివారు ఎందుకు మార్చుకోవాలో నాకు అర్థం కాదు.

షూ అడుగు తిప్పి చూస్తే, పాతవాటిలో మడమ బయటి మూల నున్నగా అరిగేది. ఇప్పుడు అరుగుదల పాదం మధ్య దాకా పరుచుకుంది. ఎడమది మాత్రం కుడిదాని కంటే ముందే అరుగుతోంది. రోడ్డు వాలు వల్లేమోనని ఈ నెల నుంచి రోడ్డుకు రెండో పక్కన పరుగెత్తుతున్నాను.